పాడే గిన్నెది కంచు.. పెంబర్తిది రేకు

జనగామ: యోగా తరగతులలో, ధ్యాన కేంద్రాలలో ఇటీవల ‘సింగింగ్ బౌల్’ అనే గిన్నె తరచుగా కనిపిస్తున్నది. అరచేతిలో ఉంచుకొని అంచు చుట్టూ చిన్న కర్రను ఒరిపిస్తూ తిప్పితే సన్నని నాదం మొదలై క్రమంగా గది అంతా నిండుతుంది. అంగళ్ళలోను, ఆన్‌లైన్‌లోను దీనిని ‘చేతితో చేసిన రాగి గిన్నె’ అనీ, ‘సప్తలోహ పాత్ర’ అనీ అమ్ముతున్నారు. రాగి, ఇత్తడి పని అనగానే ఈ ప్రాంతవాసులకు ముందుగా స్ఫురించేది జనగామ మండలంలోని పెంబర్తి. ఈ గిన్నెలు కూడా అక్కడివేనా అన్న సందేహం కలగడం సహజం. కావు. పెంబర్తి వారి పని వేరు, పాడే గిన్నె పుట్టే కొలిమి వేరు. ఈ తేడా తెలియకపోతే కొనుగోలుదారుడు ఒకదాని ధర చెల్లించి మరొకదానిని ఇంటికి తెచ్చుకునే అవకాశం ఉంది. పేరు పెంబర్తిదై, సొమ్ము వేరెవరికో చేరినా ఆశ్చర్యం లేదు.

మూడు లోహాలు.. మూడు స్వభావాలు

రాగి మెత్తని లోహం. సుత్తి దెబ్బకు సాగుతుంది, చెప్పినట్లు వంగుతుంది. కానీ మోగదు. రాగి చెంబును వేలితో మీటితే ‘టక్’ మని ఆగిపోతుంది. రాగిలో జింకు కలిపితే ఇత్తడి అవుతుంది. రేకు పనికి వాడే ఇత్తడిలో సాధారణంగా మూడింట రెండు వంతులు రాగి, మిగిలినది జింకు. ఇది రాగి కంటే గట్టిది, పసుపు రంగులో మెరుస్తుంది, కొంతవరకు మోగుతుంది కూడా. రాగిలో తగరం కలిపినది కంచు. గంటలకు, తాళాలకు వాడే కంచులో నూటికి సుమారు 78 పాళ్ళు రాగి, 22 పాళ్ళు తగరం ఉంటాయి. తగరం ఇంత మోతాదులో చేరితే లోహం ఎంతో గట్టిపడుతుంది. ఒకసారి కదిలిస్తే ఆ కంపనం లోలోపలే అణగిపోక చాలాసేపు నిలుస్తుంది. నాదం వెనుక ఉన్న రహస్యం ఇదే.

కంచు సంగతి తెలుగువారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. అన్నం తినే పళ్ళేనికి కంచమన్న పేరు కంచు వల్లనే వచ్చింది. ఖంగున పలికే గొంతును కంచు కంఠమంటారు. లోహపు పాత్రలు చేసే కులవృత్తి వారిని కంచరులని పిలిచారు. కమ్మరి, వడ్రంగి, శిల్పి, స్వర్ణకారులతో పాటు విశ్వకర్మల ఐదు వృత్తులలో వీరిదీ ఒకటి. దక్షిణాదిన మహాశిలా యుగపు సమాధులలో సైతం తగరం పాలు ఎక్కువగా ఉన్న కంచు గిన్నెలు దొరికాయి. తమిళనాడులోని ఆదిచ్చనల్లూరు, నీలగిరులు అందుకు ఉదాహరణలు.

నీటిలో ముంచితేనే బతుకుతుంది

ఇంత తగరం ఉన్న కంచును చల్లగా ఉన్నప్పుడు సుత్తితో కొడితే పగిలిపోతుంది. అందువల్ల పోత పోసిన బిళ్ళను కొలిమిలో ఎర్రగా, సుమారు 600 నుంచి 750 డిగ్రీల సెల్సియస్ వరకు కాల్చి, ఆ వేడి దిగకముందే కొట్టాలి. ఒకరు పట్టకారుతో తిప్పుతుంటే ఇద్దరు ముగ్గురు వరుసగా దెబ్బ వేస్తారు. వేడి తగ్గితే మళ్ళీ కొలిమిలోకి. గిన్నె ఆకారం వచ్చాక ఎర్రగా ఉండగానే నీటిలో ముంచుతారు. ఇనుమును ఇలా ముంచితే గట్టిపడి పెళుసు అవుతుంది. కంచు విషయం దీనికి తలకిందులు. నెమ్మదిగా చల్లారితే పెళుసు అవుతుంది, నీటిలో ముంచితే పగలకుండా నిలుస్తుంది. ఈ విద్య నేపాల్‌లోని పటాన్‌లో, అస్సాంలోని సర్తేబారిలో, ఒడిశాలో భువనేశ్వర్ చెంతనున్న బాలకాటిలో నేటికీ ఉంది.

అంచు మీద కర్ర రాసినప్పుడు కర్ర లోహాన్ని పట్టుకుంటుంది, జారుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. క్షణానికి వందలసార్లు జరిగే ఈ పట్టు, జారుడు గిన్నెను వణికిస్తాయి. తడి వేలితో గాజు గ్లాసు అంచును రాస్తే పలికేదీ ఇలాగే. చేతితో కొట్టిన గిన్నె అన్ని వైపులా ఒకే మందంలో ఉండదు. దాంతో దాదాపు సమానమైన రెండు స్వరాలు ఒకేసారి పుట్టి, ఒకదానితో ఒకటి కలుస్తూ విడిపోతూ అలలాగా హెచ్చుతగ్గులు వినిపిస్తాయి. వినేవారిని కట్టిపడేసే ఆ ఊగిసలాట చేతిపనిలోని కొద్దిపాటి అసమానత వల్ల వచ్చినదే. గిన్నెలో నీరు పోసి గట్టిగా పలికిస్తే నీటి చుక్కలు ఎగిరి ఉపరితలం మీద నాట్యమాడతాయి. డెనిస్ టెర్వాన్య, జాన్ బుష్ అనే శాస్త్రవేత్తలు 2011లో దీనిపై పరిశోధన పత్రం ప్రచురించారు.

సప్తలోహాల మాట ఎంత నిజం?

బంగారం, వెండి, పాదరసంతో సహా ఏడు లోహాలు ఏడు గ్రహాలకు ప్రతీకగా కలుస్తాయన్నది అమ్మకందార్ల మాట. పాత గిన్నెలను పరీక్షించినప్పుడు బయటపడినది ప్రధానంగా రాగి, తగరమే. మిగిలినవి ఖనిజంతో పాటు వచ్చిన లేశమాత్రాలు. పాదరసమైతే కొలిమి వేడికి ఆవిరై పోతుంది. బౌద్ధ మఠాలలో వేల ఏళ్ళుగా ధ్యానానికి వాడారన్న ప్రచారం కూడా ఇటీవలిదే. హిమాలయ ప్రాంతంలో ఇవి ఎక్కువగా ఇంటి పాత్రలు. హెన్రీ వుల్ఫ్, నాన్సీ హెన్నింగ్స్ 1970ల ఆరంభంలో తెచ్చిన ‘టిబెటన్ బెల్స్’ సంగీత ఆల్బమ్ తర్వాతనే పాశ్చాత్య దేశాలలో వీటికి ధ్యాన వాద్యమన్న పేరు స్థిరపడింది.

వీటి శబ్దం మనసుకు హాయినిస్తుందా అంటే, ఇస్తుందనే చాలామంది అనుభవం. అమెరికాలో 62 మందితో చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో గిన్నెల నాదం విన్న తర్వాత ఆందోళన, అలసట తగ్గినట్లు నమోదైంది. అయితే నాదం వినకుండా ఊరికే పడుకున్న మరొక బృందంతో అందులో పోల్చి చూడలేదు. కనుక రోగాలు నయమవుతాయన్న ప్రకటనలను నమ్మి మందులు మానడం తగదు. గుడి గంట వింటే మనసు నిలవడం వేరు, గంటే వైద్యమనుకోవడం వేరు.

పెంబర్తి విద్య

హైదరాబాద్-వరంగల్ జాతీయ రహదారిపై ఉన్న పెంబర్తిలో కొలిమి కంటే ఉలి చప్పుడు ఎక్కువ. ఇక్కడి వారిది రేకు పని. ఇత్తడి లేదా రాగి రేకును కొలత ప్రకారం కత్తిరించి, కాల్చి మెత్తబరుస్తారు. దానిపై చిత్రం గీసి, వెనుక నుంచి ఉబ్బెత్తుగా కొడతారు. కొట్టేటప్పుడు రేకు చిరగకుండా కింద లక్క వంటి మెత్తని ఆధారం ఉంటుంది. తర్వాత ముందువైపు నుంచి సన్న ఉలులతో కనుబొమ్మలు, నగలు, తీగలు తీర్చుతారు. దెబ్బ పడుతున్న కొద్దీ ఇత్తడి బిర్రబిగుస్తుంది. అందుకని మధ్యమధ్య మళ్ళీ కాల్చాలి. ఎప్పుడు కాల్చాలో సుత్తి కింద రేకు ఇచ్చే జవాబును బట్టి చేతికే తెలియాలి. ఆ తెలివిడికి ఏళ్ళు పడుతుంది. చివరికి ముక్కలను అతికి, శుభ్రపరచి మెరుగు పెడతారు.

కాకతీయుల కాలంలో ఆలయాలకు, రథాలకు తొడుగులు చేసిన వృత్తి ఇదని ప్రతీతి. 1323లో ఓరుగల్లు పతనంతో ఆదరణ తగ్గింది. నిజాం పాలనలో పాన్‌దాన్లు, అత్తరుదాన్లు చేస్తూ తిరిగి నిలదొక్కుకుంది. నేడు మకర తోరణాలు, ధ్వజస్తంభపు తొడుగులు, దేవతామూర్తుల కవచాలతో పాటు సభలలో అతిథులకిచ్చే జ్ఞాపికలు ఇక్కడి నుంచి వెళుతున్నాయి. ఈ కళకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2023లో కేంద్ర పర్యాటక శాఖ పెంబర్తిని ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసింది.

గుర్తింపు వేరు, గిరాకీ వేరు. అచ్చు యంత్రం మీద తీసిన రేకు బొమ్మలతోను, చవకైన అక్రిలిక్ జ్ఞాపికలతోను పోటీ ఎదురవుతున్నది. లండన్ మార్కెట్‌లో రాగి ధర 2024 మేలో టన్నుకు 10 వేల డాలర్లు దాటింది. రాగి పెరిగితే ఇత్తడీ పెరుగుతుంది. బేరమాడే కొనుగోలుదారుడు లోహం ధరను తగ్గించలేడు, తగ్గేది కూలీయే. ఇక్కడనే సింగింగ్ బౌల్ ఆశ పుడుతుంది. గిరాకీ ఉన్న వస్తువును మనవారే ఎందుకు చేయరాదని పలువురు అనుకోవచ్చు. కానీ పలుచని ఇత్తడి రేకుతో చేసిన గిన్నె కంచులా పలకదు. కంచు గిన్నె చేయాలంటే కొలిమి, పోత, బృందంగా కొట్టే పద్ధతి అన్నీ కొత్తగా నేర్వాలి. పంజాబ్‌లోని జండియాలా గురు ఠఠేరాలు తమ ఇత్తడి, రాగి పాత్రల పనిని వదలకుండా 2014లో యునెస్కో జాబితాకు ఎక్కారు. పెంబర్తి వారికి సైతం చేతిలో ఉన్న విద్యకు ధర రాబట్టుకోవడమే దగ్గరి దారి. పాలకుర్తి సోమేశ్వరుడు, మహబూబాబాద్ జిల్లా కురవి వీరభద్రుడు, భూపాలపల్లి జిల్లా కాళేశ్వర ముక్తీశ్వరుడు కొలువైన ఈ ప్రాంతంలో తోరణానికి, కలశానికి, తొడుగుకు అవసరం తీరిపోయేది కాదు.

కొనేముందు చూడవలసినవి

ఎర్రగా ఉంటే రాగి, నిగనిగలాడే పసుపైతే ఇత్తడి, కాస్త మసక బారిన బంగారు ఛాయ కంచు. అయస్కాంతానికి అతుక్కుంటే లోపల ఇనుమున్నట్లే. గిన్నెను అరచేతిలో వదులుగా ఉంచి ఒక్కసారి తట్టి వినాలి. మంచి కంచు చాలాసేపు పలుకుతుంది, బీట ఉంటే బొంగురుగా ఆగిపోతుంది. పెంబర్తి పనినైతే తిరగేసి వెనుక వైపు చూడాలి. చేతితో కొట్టిన రేకు వెనుక ఉలి దెబ్బలు ఒక్కొక్కటి ఒక్కో లోతున కనిపిస్తాయి. యంత్రపు అచ్చులో అన్నీ ఒకే తీరుగా ఉంటాయి. ఇంటికి తెచ్చాక ఇత్తడికి చిలుము పట్టకుండా చింతపండుతో తోమి, వెంటనే కడిగి, పొడిబట్టతో తుడవాలి. మెరుగుపై పూత వేసిన జ్ఞాపికలను మాత్రం తోమరాదు, మెత్తని బట్టతో దుమ్ము దులిపితే చాలు.