ఉక్కు దూలంపై తొలి అడుగు

తపతీ నది సముద్రంలో కలిసే చోట ఉన్న హజీరా ఒకప్పుడు చిన్న తీరగ్రామం. 1980 దశకంలో ఇక్కడ సహజవాయువును శుద్ధి చేసే కర్మాగారమూ, కృభ్‌కో ఎరువుల కర్మాగారమూ వెలిశాయి. విజయపూర్ మీదుగా జగదీశ్‌పూర్ వెళ్ళే గ్యాస్ పైపులైను ఇక్కడే మొదలయింది. చూచేవారి దృష్టి గొట్టాల మీద, గోపురాల మీద నిలుస్తుంది. వాటిని మోసే ఉక్కు స్తంభాలను ఎత్తి నిలిపిన చేతులు ఎవరికీ గుర్తు రావు. ఆ చేతులు ఎలా తయారవుతాయో ముచ్చటించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అమెరికాలో ఈ వృత్తివారి సంఘం 1896లో పిట్స్‌బర్గ్ నగరంలో ఏర్పడింది. అక్కడ సంఘమూ, యాజమాన్యాలూ కలిసి మూడు నాలుగేళ్ళ శిక్షణ నడుపుతాయి. నేర్చుకునేవాడు పనిచేస్తూనే వేతనం పొందుతాడు. నైపుణ్యంతోపాటు వేతనమూ మెట్టుమెట్టుగా పెరుగుతుంది.

మన దేశంలో ఆ బాధ్యతను 1961 నాటి అప్రెంటిస్ చట్టం స్వీకరించింది. ఒప్పందం నమోదు కావాలి. స్టైపెండ్ చెల్లించాలి. 2019 నిబంధనలలో దీని కనీస మొత్తాన్ని అర్హతను బట్టి నెలకు 5,000 నుండి 9,000 రూపాయలుగా నిర్ణయించారు. పనిలో గాయపడితే నష్టపరిహారం ఇవ్వవలసినది యాజమాన్యమే. అయితే చట్టం దృష్టిలో అప్రెంటిస్ శిక్షణార్థియే కాని కార్మికుడు కాడు. కనుక సంఘం ద్వారా తన మాట వినిపించుకునే అవకాశం అతనికి లేదు.

సూరత్ మరమగ్గాలపై ఆధారపడిన తెలుగు కుటుంబాలు అనేకం. తెలంగాణ జిల్లాల నుండి వచ్చిన పద్మశాలీలు వీరిలో ఎక్కువ. అటువంటి ఇంటి కుర్రవాడొకడు ఐ.టి.ఐ. ముగించి, కొన్నేళ్ళ క్రితం మా పనిస్థలంలో అప్రెంటిస్‌గా చేరాడు. ఒకనాడు దూలం రంధ్రాలు స్తంభం రంధ్రాలతో కలవలేదు. క్రేన్ తిరిగి వెళ్ళే వేళ దగ్గరపడింది. తొందరలో నేనే, గ్యాసుతో కోసి రంధ్రం వెడల్పు చేయమన్నాను. కుర్రవాడు కదలక, "కాకా, ముందు గుండు వేసి చూద్దామా?" అని గుజరాతీ ఫిట్టర్‌ను అడిగాడు. గుండు వేసి చూడగా స్తంభమే ఒరిగి ఉన్నది. పునాది బోల్టులు సడలించి, నిటారుగా సరిచేయగానే డ్రిఫ్టు సులువుగా దూరింది. నేను చెప్పినట్లు కోసి ఉంటే జాయింటు బలహీనపడేది, ఒరుగు అలాగే మిగిలేది.

నాకు సిగ్గు కలిగింది, సంతోషమూ కలిగింది. ఆ ప్రశ్న అడగడం అతనికి కాకా నేర్పినదే. భద్రతాపట్టీ కొక్కెం తగిలించనిదే దూలంపై అడుగు పెట్టరాదనీ, ఎత్తిన బరువు క్రింద నిలువరాదనీ చెప్పినవాడూ ఆయనే. ఇవి పుస్తకంలో చదివితే చాలవు. రోజూ ఒక పెద్దవాడు చేసి చూపితేనే అలవాటవుతాయి.

ఏడాది పూర్తికావస్తుండగా ఆ కుర్రవాడు, "సార్, సర్టిఫికెట్ వచ్చాక నాకు ఉద్యోగం ఉంటుందా?" అని అడిగాడు. హామీ ఇవ్వలేకపోయాను. 2014 సవరణ మేరకు, శిక్షణ పొందినవారి నియామకంపై ప్రతి యాజమాన్యమూ తనదైన విధానం రూపొందించుకోవాలి. అది తప్పక ఉద్యోగమిచ్చే నిబంధన కాదు. ఆ మాట దాచక చెప్పి, ఏ పనిస్థలానికి వెళ్ళినా అతని చేతిపనే సిఫారసు అవుతుందన్నాను.

కార్మిక సోదరులకు నా మనవి ఒక్కటే. అప్రెంటిస్‌ను టీ తెచ్చేందుకూ, సామాను మోసేందుకూ పరిమితం చేస్తే అతని ఏడాది వృథా అవుతుంది. అతడు సంఘ సభ్యుడు కాడు కనుకనే అతని పక్షాన మాట్లాడవలసిన బాధ్యత సంఘాలపై మరింత ఉన్నది. మన ఇళ్ళలోని పిల్లలు కూడా రేపు ఇంకొకరి పనిస్థలంలో శిక్షణార్థులే. వారికి ఎటువంటి గురువు లభించాలని కోరుకుంటామో, ఇక్కడికి వచ్చిన పిల్లలకు మనం అటువంటి గురువులం కావాలి.