ఒక్క అణువుతో తీగె

ప్రయోగశాలలో ఓమ్ నియమాన్ని సరిచూసేటప్పుడు అమ్మీటరు ముల్లు ఒక్కోసారి ఊగిసలాడుతుంది. తీగె బిగించిన స్క్రూ వదులైందన్నమాట. బిగించగానే ముల్లు నిలుస్తుంది. మరి తీగెకు బదులు ఒకే ఒక్క అణువు ఉంటే, దాన్ని ఏ స్క్రూతో బిగించాలి?

ఒకే దిశలో విద్యుత్తును పోనిచ్చే అణువును తయారుచేయవచ్చునని 1974లో అవిరామ్, రాట్నర్ అనే శాస్త్రజ్ఞులు సూచించారు. అయితే ఇలాంటి అణువుల పొడవు మిల్లీమీటరులో ఇంచుమించు పది లక్షల వంతు! దాని రెండు కొనలకూ తీగెలు తగిలించడమెలా?

2003లో అమెరికాలో షూ, టావో అనేవారు ఒక ఉపాయం చూపారు. సన్నని బంగారు మొనను బంగారు పలకకు తాకించి మెల్లగా వెనక్కు లాగాలి. మధ్యలోని బంగారం తీగపాకంలా సాగి, ఒక్క పరమాణువంత సన్నమై తెగుతుంది. చుట్టూ ఉన్న ద్రావణంలోని అణువొకటి ఆ సందులో చేరి, రెండువైపులా బంగారాన్ని పట్టుకుంటుంది.

ఇక్కడే చిక్కు వచ్చింది. అణువు ప్రతిసారీ ఒకే తీరుగా కూర్చోదు. ఒకసారి నిటారుగా, మరొకసారి ఏటవాలుగా ఉంటుంది. దానితోపాటు విద్యుత్ వాహకతా మారుతుంది. అందువల్ల వేలసార్లు కలిపి, తెంచి, ఎక్కువసార్లు వచ్చిన విలువను తీసుకుంటారు. అణువు కొనలకు అమైన్ సమూహాలుంటే పట్టు ఇంచుమించు ఒకే తీరుగా ఉండి, విలువలు దగ్గరదగ్గరగా వస్తాయి.

అణువు ఆకారం కూడా ముఖ్యమే. బైఫినైల్ అణువులో రెండు బెంజీన్ వలయాలు ఒకే బంధంతో కలిసి ఉంటాయి. రెండూ ఒకే తలంలో ఉంటే ఎలక్ట్రాన్లకు దారి సులువు. ఒకటి మెలి తిరిగితే దారి కష్టమవుతుంది. వలయాలకు వేర్వేరు పక్క సమూహాలను చేర్చి ఆ కోణాన్ని మార్చవచ్చు. 2006లో కొలంబియా విశ్వవిద్యాలయంలో లతా వెంకటరామన్, ఆమె సహచరులు ఇలాంటి ఏడు అణువులను పరీక్షించారు. మెలి కోణపు కొసైన్ వర్గాన్ని అనుసరించి వాహకత తగ్గుతున్నదని తేలింది. కొసైన్ 60° విలువ 1/2. దాని వర్గం 1/4. అంటే వలయం 60° తిరిగితే వాహకత నాలుగో వంతుకు పడిపోతుంది. మీరు పరీక్ష కోసం వల్లెవేసే పట్టిక అణువు లోపల కూడా పనిచేస్తున్నదన్నమాట!

2009లో మరో వింత వెల్లడైంది. బైపిరిడీన్ అనే అణువును పట్టుకున్న మొనను కాస్త నొక్కితే అణువు వాలి, వాహకత పెరిగింది. లాగితే నిటారై, వాహకత తగ్గింది. నొక్కితే ఒక విలువ, లాగితే మరొక విలువ! అణువే స్విచ్చి అయింది.

ప్రయోగశాలలో వేలసార్లు కొలవవచ్చు. కాని పరికరంలో ప్రతి అతుకూ మొదటిసారే సరిగా కుదరాలి, కుదిరినట్లే నిలవాలి. ఆ నేర్పు పూర్తిగా అలవడితేనే అణువులతో యంత్రాలు సాధ్యం.

ఇక మీకో లెక్క: వలయం 45° మెలి తిరిగితే వాహకతలో ఎన్నో వంతు మిగులుతుంది?