పరుగు బూట్లు – ఏవి కొనవలెను?



పోలీసు కానిస్టేబులు కొలువు కోరు యువకుడు దేహదార్ఢ్య పరీక్షలో 1600 మీటర్లు పరుగెత్తవలసియుండును. అందులకై మన పల్లెల పిల్లవాండ్రు వేకువజామున రోడ్ల వెంట పరుగెత్తుచుండుట మీరెరిగినదే. వారిలో నొకడు మీ మనుమడే కావచ్చును. ‘తాతయ్యా, బూట్లు రెండు రకములు చూచితిని, ఏవి కొనమందువు?’ అని వాడడుగును. ధర విన్నచో గుండె ఝల్లుమనును. పంట అమ్మిన సొమ్ము వ్యర్థము కాకుండ ఏమి చెప్పవలెనో విచారింతము.

పేరుపడిన రెండు రకములను దృష్టాంతముగా గైకొందము. ఒకటి 1914లో అమెరికాలో నెలకొన్న బ్రూక్స్ కంపెనీవారి ఘోస్ట్. రెండవది, 1949లో జపానులోని కోబె నగరమున పుట్టిన ఆసిక్స్ కంపెనీవారి జెల్ నింబస్. రెండును మడమక్రింద దట్టమైన మెత్త గల న్యూట్రల్ బూట్లే.

న్యూట్రల్ అనగానేమి? పరుగెత్తునపుడు పాదము నేలను తాకి కొంచెము లోపలికి ఒరుగును. అది దోషము కాదు; దెబ్బ తీవ్రతను తగ్గించుటకు ప్రకృతి చేసిన యేర్పాటు. ఆ ఒరుగుటను అరికట్టుటకై కొన్ని బూట్ల లోపలివైపున గట్టి దిమ్మను అమర్చుదురు. అట్టి అడ్డు లేనివే న్యూట్రల్ బూట్లు.

ఇక భేదము వినుడు. 2023 ప్రాంతమున వచ్చిన ఘోస్ట్ 15లో మడమ భాగము వ్రేళ్ల భాగముకంటె 12 మిల్లీమీటర్లు ఎత్తు. నింబస్ 25లో ఆ భేదము 8 మిల్లీమీటర్లు మాత్రమే. కాని మెత్త మందము హెచ్చు. మడమ ఎత్తు హెచ్చినకొలది పిక్కకు, మడమ వెనుకటి స్నాయువునకు శ్రమ తగ్గి, మోకాటిపై భారము కొంత పెరుగును. ఎత్తు తగ్గినచో ఇందుకు విపర్యయము. కావున పిక్కలు పట్టుచుండు వానికి మొదటిది, మోకాలు నొచ్చుచుండు వానికి రెండవది అనుకూలించవచ్చును. కొత్త రకములు వచ్చినపుడెల్ల ఈ కొలతలు మారుచుండును గనుక, పేరుతోపాటు కొలతను గూడ అడిగి తెలిసికొనవలెను.

తడిపాదముద్ర చూచి బూట్లు నిర్ణయించు పద్ధతి యొకటి కలదు. అమెరికా సేనలలో శిక్షణ పొందువారిపై దీనిని పరీక్షించి, 2009, 2010 సంవత్సరములలో ఫలితములను ప్రకటించిరి. పాదముద్రకు తగినట్లు బూట్లిచ్చినవారికిని, అందరికి నొకే రకము ఇచ్చినవారికిని గాయములలో చెప్పుకోదగిన భేదము కనబడలేదు. కావున తొడిగి చూచుటయే మేలైన మార్గము.

బూట్లు సాయంకాలమున కొనుట మంచిది. పగలంతయు తిరిగిన పాదము కొంచెము ఉబ్బియుండును. పరుగునకు వాడు మేజోళ్లతోనే తొడిగి చూడవలెను. రెండు పాదములలో పెద్దదానిని బట్టి కొలత నిర్ణయింపవలెను. వ్రేళ్ల ముందు బొటనవ్రేలి వెడల్పంత చోటుండవలెను, మడమ జారరాదు. ఒక్కొక్క జతను తొడిగి అంగడి ముందర నాలుగడుగులు పరుగెత్తి చూడవలెను. ‘వాడగా వాడగా సర్దుకొనును’ అను మాట నమ్మి, ఒత్తు బూట్లను కొనరాదు. సొమ్ము చాలనిచో చింత వలదు: పాదమునకు కుదిరిన చౌక బూటు, కుదరని ఖరీదైన బూటుకంటె మేలు. వెనుకటి సంవత్సరపు రకము తరచుగా తక్కువ ధరకు లభించును.

ఒక హెచ్చరిక. ఎంత మెత్తని బూటైనను అతిశ్రమ నుండి కాపాడలేదు. దూరమును వారవారము కొద్దికొద్దిగా పెంచవలెను. ముంగాలి యెముకపై ఒకేచోట నొప్పి నిలిచియున్నచో అది యెముక చిట్లుటకు సూచన కావచ్చును. వెంటనే పరుగు మాని వైద్యునకు చూపవలెను. నొప్పిని దాచి పరుగెత్తినచో పరీక్షనాటికి నిలబడుటయే కష్టము కావచ్చును.

కావున మనుమడు వచ్చి అడిగినపుడు, ఏది గొప్పదని తర్కింపక, ‘రెండును తొడిగి పరుగెత్తితివా? ఎక్కడనైన ఒత్తినదా?’ అని యడుగుడు. నిర్ణయము వాని పాదమే చెప్పును. సెలవు.