నేల ఉసిరి - కామెర్లు

తొలకరి వానలు కురిసిన కొద్దిరోజులకే పొలం గట్ల మీద, పెరళ్ళలో, బడి గోడల వారగా ఒక చిన్న మొక్క మొలుస్తుంది. జానెడు ఎత్తు, మహా అయితే మూరెడు. ఆకులు ఉసిరి ఆకుల్లాగే సన్నగా వరుసతీరి ఉంటాయి. ఒక రెమ్మను వెనక్కు తిప్పి చూడండి. చిన్నచిన్న పచ్చని కాయలు ఆకుల కింద బారుతీరి కనిపిస్తాయి. అదే నేల ఉసిరి. తమిళులు దీనిని కీళానెల్లి అంటారు. కీళ్ అంటే కింద, నెల్లి అంటే ఉసిరి. కన్నడంలో నెలనెల్లి, మరాఠీలో భుయ్ ఆవళా, సంస్కృతంలో భూమ్యామలకి. ఏ భాషలో చూసినా ఉసిరితో పోలిక మాత్రం పోలేదు.

కామెర్లు వచ్చినవారికి ఈ మొక్కను నూరి మజ్జిగలోనో పాలలోనో కలిపి ఇవ్వడం పూర్వం నుంచి ఉన్న వాడుక. "మా తాతకు దీనితోనే తగ్గింది" అనేవారు చాలా ఊళ్ళలో ఉంటారు. వారు అబద్ధమాడడం లేదు, చూసినదే చెబుతున్నారు. కాని తగ్గించింది ఆ మొక్కేనా అన్నది వేరే ప్రశ్న.

నిజానికి కామెర్లు ఒక రోగం కాదు, రోగలక్షణం. పాతబడిన ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమైనప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పుడుతుంది. కాలేయం దానిని పైత్యరసంతో బయటకు పంపుతుంది. కాలేయం దెబ్బతింటే అది రక్తంలో నిలిచిపోయి కళ్ళు, చర్మం పచ్చబడతాయి. ఇందుకు కారణాలు అనేకం. కలుషితమైన నీరు, ఆహారం ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లను చాలామందిలో శరీరమే కొన్ని వారాలలో తుదముట్టిస్తుంది. ఆ వారాలలో ఏ పసరు తాగినా, అసలేమీ తాగకపోయినా పచ్చదనం పోతుంది. పేరు మాత్రం పసరుకు వస్తుంది!

హెపటైటిస్ బి, సి వైరస్‌ల తీరు వేరు. ఇవి రక్తం ద్వారా వ్యాపిస్తాయి. బి వైరస్ తల్లి నుంచి బిడ్డకు పుట్టుక సమయంలోనే రావచ్చు. అలా సోకిన పసిబిడ్డలలో నూటికి తొంభైమందిలో అది శరీరంలోనే తిష్ఠ వేస్తుంది. ఆరు నెలలు దాటినా వైరస్ పోకపోతే దానిని దీర్ఘకాలిక వ్యాధి అంటారు. కళ్ళు పచ్చబడవు, బాధ ఉండదు. ఇరవై ముప్పై ఏళ్ళకు కాలేయం గట్టిపడడమో, క్యాన్సరో బయటపడుతుంది. ఇలాంటి వ్యాధికి నేల ఉసిరి పనిచేస్తుందా?

ఈ ప్రశ్నను మద్రాసులో శాస్త్రీయంగా పరీక్షించారు. హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొన్నందుకు 1976లో నోబెల్ బహుమతి పొందిన బరూచ్ బ్లంబర్గ్, మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.పి. త్యాగరాజన్ మొదలైనవారు కలిసి చేసిన పని అది. దీర్ఘకాలంగా వైరస్ ఉన్నవారిలో కొందరికి ఎండిన మొక్క పొడిని 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు 30 రోజులు ఇచ్చారు. మరికొందరికి మందు లేని ఉత్తుత్తి గుళికలు ఇచ్చారు. ఈ రెండో గుంపు లేకపోతే తగ్గినది మందు వల్లనా, దానంతటదేనా అని తెలియదు. 1988లో ఫలితాలు వెలువడ్డాయి. మొక్క పొడి తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ పైపొర ప్రోటీను కనిపించలేదు. రెండో గుంపులో 23 మందికి ఒక్కరే అలా ఉన్నారు. ప్రపంచం ఆశ్చర్యపోయింది.

ఒకచోట వచ్చిన ఫలితం మరోచోట కూడా రావాలి. 1990లో థాయిలాండులో, 1994లో న్యూజిలాండులో వెలువడిన పరీక్షల్లో ఆ మేలు కనిపించలేదు. మొక్క జాతి, పెరిగిన నేల, కోసిన కాలం వేరు కావడమే కారణమని కొందరు వాదించారు. అది కొట్టిపారేయదగిన మాట కాదు. పెరటి మొక్కలో ఏ పదార్థం ఎంత ఉందో ఎవరూ తూచలేరు. అయితే అప్పటివరకు జరిగిన పరీక్షలన్నిటినీ 2011లో ఒకచోట చేర్చి చూసినవారికి కూడా నమ్మదగిన ఆధారం దొరకలేదు. ఐరోపాలోని ఒక ముళ్ళమొక్క గింజల నుంచి తీసే సిలిమారిన్ విషయంలోనూ ఇంతే జరిగింది. హెపటైటిస్ సి రోగులలో అది ఉత్తుత్తి గుళికలకన్న మెరుగు కాదని 2012లో తేలింది.

పరీక్షనాళికలో నేల ఉసిరి రసం బి వైరస్‌కు అవసరమైన ఒక ఎంజైమును అడ్డుకున్న మాట నిజమే. కాని శరీరంలో ఆ వైరస్ తన జన్యుపదార్థాన్ని కాలేయకణ కేంద్రకంలోనే దాచుకుంటుంది. అక్కడి దాకా చేరి దానిని రూపుమాపడం నేటి మందులకే కష్టంగా ఉంది. టెనోఫోవిర్ వంటివి వైరస్‌ను అణచి ఉంచగలవు. చాలామంది వాటిని ఏళ్ళ తరబడి వాడాలి. హెపటైటిస్ సి మాత్రం ఇప్పుడు సాధారణంగా పన్నెండు వారాల మాత్రలతో దాదాపు అందరికీ నయమవుతోంది. పసరు మీద భరోసాతో ఆసుపత్రికి వెళ్ళనివారు పోగొట్టుకునేది ఈ అవకాశాన్నే.

బి వైరస్‌కు టీకా ఉంది. బిడ్డ పుట్టిన 24 గంటలలోపు మొదటి మోతాదు వేస్తారు. ఇంట్లో ఒకరికి ఈ వైరస్ ఉన్నట్లు తెలిస్తే మిగిలినవారందరికీ రక్తపరీక్ష చేసి, లేనివారికి టీకా ఇస్తారు.