కుంకుమ వెలుగెంత? నలుపు తెలుపు పెళ్ళిఫొటో వెనకున్న సూత్రం కథ

డిజిటల్ ఫొటోలో ప్రతి చుక్కకూ మూడంకెలుంటాయి. ఎరుపెంత, ఆకుపచ్చెంత, నీలమెంత అన్నది 0 నుంచి 255 లోపు చెప్పే అంకెలవి. పెళ్ళికూతురి నుదుటి కుంకుమకు ఆ అంకెలు 200, 30, 40 అనుకుందాం. ఆమె వెనక గుమ్మానికి వేలాడుతున్న ముదురు మామిడాకుకు 45, 105, 45 అనుకుందాం. ఒకటి ఎర్రగా మండుతోంది, ఇంకోటి నిగనిగలాడే ఆకుపచ్చ. ఇప్పుడు కంప్యూటర్లో ‘బ్లాక్ అండ్ వైట్’ బటన్ నొక్కితే, చాలా ప్రోగ్రాములు వాడే లెక్క ప్రకారం కుంకుమ 82 అవుతుంది, ఆకు 80 అవుతుంది. రెండూ ఒకే బూడిద రంగు. కంటికి అంత కొట్టొచ్చినట్టు కనిపించిన తేడా లెక్కలో మాయమైపోయింది.

ఆ లెక్క చిన్నదే. ఎరుపు అంకెను 0.299తో, ఆకుపచ్చను 0.587తో, నీలాన్ని 0.114తో గుణించి మూడింటినీ కూడాలి. ఆకుపచ్చకు అంత పెద్దపీట ఎందుకు వేశారు? నీలాన్ని ఓ మూలకు ఎందుకు నెట్టారు? ఈ సూత్రం డిజిటల్ కెమెరా కంటే వయసులో పెద్దది. దాని పుట్టుక తెలియాలంటే గాజుపలకల కాలానికి వెళ్ళాలి.

ఎరుపు కనపడని పలకలు

తొలినాళ్ళ ఫొటో పలకలకు ఎరుపు కనపడేది కాదు. వాటిమీద పూసిన వెండి లవణాలు నీలాన్నీ, అతినీలలోహిత కాంతినీ మాత్రమే పీల్చుకునేవి. అందుకే ఆకాశం తెల్లగా పాలిపోయేది, ఎర్రచీర నల్లచీరలాగే పడేది. 1873లో బెర్లిన్‌లో హెర్మన్ వోగెల్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక సంగతి కనిపెట్టాడు. వెండి లవణాల్లో తగిన రంగు పదార్థం కలిపితే, అది తాను పీల్చుకున్న కాంతిశక్తిని వాటికి అందిస్తుంది. అలా పలకలకు ముందు ఆకుపచ్చ కనపడింది, పోనుపోను ఎరుపూ కనపడింది. అన్ని రంగులకూ స్పందించే పాంక్రోమాటిక్ ప్లేట్లను ఇంగ్లండ్‌లోని రాటెన్ అండ్ వెయిన్‌రైట్ కంపెనీ 1906లో అమ్మకానికి తెచ్చింది. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పేరుపొందిన రాజా దీన్‌దయాళ్ అంతకు ఏడాది ముందే, 1905లో కన్నుమూశారు.

ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒకటుంది. నలుపు తెలుపు ఫొటో ఎన్నడూ ఉన్నదున్నట్టు చూపలేదు. ఏ రంగు ఎంత వెలుగ్గా కనిపించాలన్నది మొదట్లో రసాయనం తీర్మానించింది. తర్వాత లెన్సుకు ఎర్ర ఫిల్టరో పసుపు ఫిల్టరో తగిలించి ఫొటోగ్రాఫర్ తీర్మానించాడు.

పాత టీవీల కోసం పుట్టిన లెక్క

మనిషి కంటికి అన్ని రంగులూ సమానంగా వెలగవు. ఒకే శక్తి ఉన్న కాంతుల్లో 555 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ అన్నిటికంటే ప్రకాశవంతంగా తోస్తుంది, నీలం మసకగా తోస్తుంది. అంతర్జాతీయ కాంతి కమిషన్ దీన్ని 1924లో ఒక వక్రరేఖగా ప్రమాణీకరించింది.

ఆ పరిజ్ఞానం అమెరికాలో కలర్ టీవీ వచ్చినప్పుడు అక్కరకొచ్చింది. 1953లో కలర్ ప్రసారాలకు ప్రమాణం ఖరారు చేసేనాటికే అక్కడి ఇళ్ళలో నలుపు తెలుపు టీవీలు కోట్లలో ఉన్నాయి. వాటిని పారేయమంటే జనం ఊరుకోరు. కాబట్టి ప్రసారాన్ని రెండు పాయలు చేశారు. ఒక పాయలో వెలుగు, మరో పాయలో రంగు. పాత టీవీ వెలుగు పాయను మాత్రం పట్టుకుని బొమ్మ చూపిస్తుంది, కొత్త టీవీ రెండింటినీ కలిపి రంగుల్లో చూపిస్తుంది. ఆ వెలుగు పాయకు ఎరుపు 30 శాతం, ఆకుపచ్చ 59 శాతం, నీలం 11 శాతం కలపాలని లెక్కగట్టారు. మన దగ్గర 1982లో దూరదర్శన్ రంగుల్లోకి మారినప్పుడు, ఇంట్లో పాత సెట్టు ఉన్నవాళ్ళు కూడా ఢిల్లీ ఏషియాడ్ చూడగలిగింది ఇలాంటి ఏర్పాటు వల్లనే.

టీవీ కోసం పుట్టిన ఈ లెక్కే 1990ల మొదట్లో స్థిరపడ్డ జేపెగ్ ఫొటోల్లోకి, అక్కణ్ణుంచి మన ఫోన్లలోకి నడిచొచ్చింది. హెచ్‌డీ టీవీ కోసం 1990లో వేరే పాళ్ళు కట్టారు: 21, 72, 7 శాతాలు. వాటి ప్రకారం చూస్తే మన కుంకుమ 67కు దిగుతుంది, మామిడాకు 88కి ఎక్కుతుంది. మూడంకెల సగటు తీసే ప్రోగ్రాములో అయితే కుంకుమ 90, ఆకు 65. ఒక లెక్కలో రెండూ సమానం, ఒకదాంట్లో ఆకు వెలుగు, ఇంకోదాంట్లో కుంకుమ వెలుగు. ఫొటో ఒకటే!

రంగు తర్వాత చేరింది

డిజిటల్ ఫొటో పుట్టింది కూడా నలుపు తెలుపులోనే. 1957లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో రస్సెల్ కిర్ష్ తన మూడు నెలల కొడుకు ఫొటోను స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించాడు. నిలువున 176, అడ్డంగా 176 చుక్కలు, అంతే. 1975లో కొడాక్ ఇంజనీర్ స్టీవెన్ సాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా మూడున్నర కిలోలకు పైగా తూగేది. పది వేల చుక్కల నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి దానికి 23 సెకన్లు పట్టేది.

రంగు తెచ్చినవాడు అదే కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్. సెన్సర్‌కు రంగు తెలియదు, ఎంత వెలుతురు పడిందో మాత్రం కొలుస్తుంది. అందుకని బేయర్ దాని చుక్కలమీద చిన్నచిన్న రంగు ఫిల్టర్లు గళ్ళముగ్గులా పరిచాడు. సగం గళ్ళు ఆకుపచ్చ, పావు ఎరుపు, పావు నీలం. ఆకుపచ్చకు ఇక్కడా పెద్దపీటే, కారణం అదే కన్ను. 1976లో ఆయనకు పేటెంట్ వచ్చింది. ఇవాళ్టి కెమెరాల్లో, ఫోన్లలో అత్యధికం ఈ అమరికే. 24 మెగాపిక్సెళ్ళ కెమెరాలో నిజానికి ఎరుపును కొలిచే చుక్కలు 60 లక్షలే. మిగతా చోట్ల ఎరుపెంతో పక్కగళ్ళను చూసి కెమెరా అంచనా కడుతుంది.

ఫొటోషాప్ మూలం కూడా నలుపు తెలుపే. 1987లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న థామస్ నోల్, తన మ్యాకింటోష్ తెరమీద బూడిద ఛాయలు చూపించడానికి ఒక ప్రోగ్రాము రాసుకున్నాడు. తమ్ముడు జాన్‌తో కలిసి దాన్ని పెంచితే 1990లో ఫొటోషాప్‌గా బయటికొచ్చింది. 2007 నాటి సీఎస్3 వెర్షన్‌లో నలుపు తెలుపు కోసం ఆరు రంగులకు ఆరు స్లైడర్లు పెట్టారు. ఒకప్పుడు లెన్సు ముందు తగిలించిన ఫిల్టర్ ఎంపిక, ఫొటో తీశాక కూడా చేసుకునే వీలొచ్చింది.

బొట్టు ఎక్కడికి పోయింది?

ఈ స్లైడర్ల చేతివాటం పెళ్ళిఫొటోలోనే బాగా తెలుస్తుంది. చామనఛాయ నుదురు చుక్క 205, 150, 115 అనుకుందాం. దానిమీద మన 200, 30, 40 కుంకుమ. ఎరుపు అంకెలను మాత్రం తీసుకుంటే నుదురు 205, బొట్టు 200. ముఖం తెల్లగా, మచ్చల్లేకుండా మెరుస్తుంది గానీ పెళ్ళికూతురి బొట్టు చెరిగిపోతుంది. ఆకుపచ్చ అంకెలు తీసుకుంటే నుదురు 150, బొట్టు 30. బొట్టు స్పష్టంగా నిలబడుతుంది. నీలం తీసుకున్నా బొట్టు నిలుస్తుంది కానీ ముఖం నల్లబడి, ప్రతి మొటిమా లెక్కకొస్తుంది. పైగా పసుపు నీలాన్ని పీల్చేస్తుంది కాబట్టి, నలుగు పెట్టి పసుపు రాసిన బుగ్గలు నీలం అంకెల్లో బొగ్గు పూసినట్టు కనిపిస్తాయి. ఎర్రంచు మధుపర్కాలదీ ఇదే వరస. ఎరుపు స్లైడర్ పెంచితే అంచు తెలుపులో కలిసిపోతుంది, తగ్గిస్తే గీత గీసినట్టు తేలుతుంది.

రిసెప్షన్ వేదికమీద ఊదారంగు ఎల్‌ఈడీ లైట్లు వేస్తే ఎరుపు, నీలం అంకెలు రెండూ 255కు కొట్టుకుని ముఖంలో వివరం పోతుంది. ఆకుపచ్చ అంకెల్లో కాస్తో కూస్తో మిగులుతుంది. అక్కడ దాన్నే ఆసరా చేసుకుని నలుపు తెలుపు చేస్తే, రంగుల్లో పనికిరాని ఫొటో ఆల్బమ్‌కు పనికొస్తుంది.

2012లో లైకా కంపెనీ రంగు ఫిల్టర్లే లేని సెన్సర్‌తో ఎం మోనోక్రోమ్ కెమెరా తెచ్చింది. వెలుతురు ఫిల్టర్ల దగ్గర ఆగదు, అంచనాలు కట్టే పనిలేదు కాబట్టి బొమ్మ మరింత నిశితంగా వస్తుంది. అయితే అందులో తీసిన ఫొటోకు స్లైడర్లు పనిచేయవు. కుంకుమను తేల్చాలో ముంచాలో లెన్సుకు ఫిల్టర్ పెట్టి ముందే నిర్ణయించుకోవాలి.

ఇంట్లో పెళ్ళి ఉన్నవాళ్ళు ఇందులోంచి పట్టుకెళ్ళాల్సినవి మూడు మాటలు. కెమెరాలో నలుపు తెలుపు మోడ్ పెట్టి జేపెగ్‌లు మాత్రమే దాచుకుంటే రంగు మళ్ళీ రాదు, కనుక రంగుల్లోనే, వీలైతే రా (సెన్సర్ కొలిచిన అంకెలను అలాగే దాచే) ఫైళ్ళుగా తీయమనండి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లుంటే, 14 బిట్ల రా ఫైలులో 16,384 ఉంటాయి. స్లైడర్లు బాగా జరిపినా ఛాయలు అంత తేలిగ్గా విరగవు. రెండోది, ఒకే బటన్‌తో మొత్తం ఆల్బమ్ మార్చేయకుండా, ముఖ్యమైన ఫొటోలను ఒక్కొక్కటిగా చూసి చేయమనండి. మూడోది, మార్చిన ఫొటో చేతికి రాగానే ముందు నుదుటి బొట్టు చూడండి. అది కనపడకపోతే తిప్పి పంపండి.