పిలుపా? పారిపోవడమా?

తొలకరి పడిందంటే వజ్రకరూరు చుట్టుపక్కల చేలల్లో జనం తల వంచుకుని నడుస్తుంటారు. వాన కడిగిన నేలలో మెరిసే రాయి కోసం ఆ వెతుకులాట. దొరికేవాటిలో ఎక్కువ మామూలు రాళ్లే. మెరిసేదంతా వజ్రం కాదని అక్కడి పిల్లలకు కూడా తెలుసు. తెలిసినవాళ్లకు చూపించి, పరీక్ష చేయించాకే రాయి సంగతి తేలుతుంది.

ఈ పేజీలో మీరు రోజూ గ్రూప్స్, బ్యాంకులు, క్యాంపస్ ఇంటర్వ్యూల గురించి చదువుతుంటారు. ఈసారి నోటిఫికేషన్ రాని, కటాఫ్ లేని ఒక దారి గురించి చూద్దాం. కేథలిక్ ఇళ్లలో పుట్టిన మీలో కొందరికి డిగ్రీ అయ్యే వేళకు ఒక ఆలోచన వస్తుంది. 'నేను ఫాదర్ కావాలేమో', 'సిస్టర్‌గా వెళ్లాలేమో' అని. బయటికి చెప్పాలంటే మొహమాటం. ఇంట్లో ఏమంటారోనని భయం. వీటికి తోడు ఇంకో అనుమానం: ఉద్యోగం రాక ఇలా అనిపిస్తోందా?

ఆ అనుమానం రావడం మంచిదే. దాన్ని అణిచిపెట్టొద్దు, పరీక్షకు పెట్టండి. దైవపిలుపు విషయంలో చర్చి చేసేది కూడా అదే.

మెరుపు ఎంతసేపు నిలుస్తోంది?

1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగిన సైనికుడు ఇగ్నేషియస్ లొయోలా. నెలల తరబడి మంచం మీదే. రాచకొలువు, పేరు ప్రతిష్ఠల గురించి కలలు కంటే అప్పటికి హుషారుగా ఉండేది, తర్వాత మనసు ఖాళీ అయిపోయేది. పునీతుల్లా బతకాలని ఊహించుకుంటే ఆ సంతోషం తర్వాత కూడా మిగిలేది. ఆ తేడాను గమనించడమే ఆయన పద్ధతికి పునాది. తర్వాత యేసు సభను స్థాపించింది ఆయనే.

ఆయన చెప్పిన సూత్రాల్లో మూడు మీకు వెంటనే పనికొస్తాయి. ఒకటి: మనసు కుంగిపోయి ఉన్నప్పుడు, అంతకుముందు తీసుకున్న నిర్ణయాన్ని మార్చొద్దు. రెండు: ముక్కూమొహం తెలియని వ్యక్తి ఇదే సమస్యతో మీ దగ్గరికి వస్తే ఏం సలహా ఇస్తారో ఆలోచించండి. మూడు: చివరి ఘడియల్లో వెనక్కి చూసుకుంటే, ఏ నిర్ణయం తీసుకుని ఉంటే బాగుండేదనిపిస్తుందో ఊహించండి.

వీటికి నేను ఇంకోటి కలుపుతా. మంచి ప్యాకేజీతో ఆఫర్ లెటర్ రేపు పొద్దున్నే మెయిల్‌కి వచ్చిందనుకోండి. ఆ ఆలోచన ఇంకా ఉంటుందా? ఎగిరిపోతే అది ఆశ్రయం కోసం వెతుకులాట. ఆఫర్ చూశాక కూడా పోకపోతే, దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

పేదింటి నుంచి వెళ్తే తప్పా?

కానే కాదు. కర్నూలు ప్రాంతంలోని చిందుకూరులో 1961లో పుట్టిన పూల ఆంథోనీ చదువు పేదరికం వల్ల ఏడో తరగతి తర్వాత ఆగిపోయింది. మిషనరీల సాయంతో మళ్లీ బడికెళ్లారు. 1992లో గురువయ్యారు, 2008లో కర్నూలు బిషప్, 2020లో హైదరాబాద్ ఆర్చ్‌బిషప్. 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువారిలోనూ, దేశంలోని దళితుల్లోనూ ఆ స్థానానికి చేరిన మొదటి వ్యక్తి ఆయనే. ఎక్కడి నుంచి వచ్చారన్నది అడ్డు కాదు. ఎందుకు వచ్చారన్నదే ప్రశ్న.

రెండు దారులు, చాలా ఏళ్లు

మొదటిది మేత్రాసన గురువు కావడం. అనంతపురం ప్రాంతం 1967లో ఏర్పడిన కర్నూలు మేత్రాసనం కిందికి వస్తుంది. ఈ దారిలో బ్రహ్మచర్యానికి, బిషప్‌కు విధేయతకు మాట ఇస్తారు. రెండోది యేసు సభ లాంటి సన్యాస సభల్లో, లేదా సిస్టర్ల మఠాల్లో చేరడం. అక్కడ పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలు ఉంటాయి. కాలేజీలో పాఠాలు చెప్పి జీతం తెచ్చినా అది సభకే చెందుతుంది. ఎక్కడ పని చేయాలో పైవాళ్లు నిర్ణయిస్తారు.

గురువుకు ముందు ఏడాది నుంచి రెండేళ్ల సన్నాహక శిక్షణ ఉంటుంది. తర్వాత కనీసం రెండేళ్లు తత్వశాస్త్రం, నాలుగేళ్లు వేదాంతం. మీ బీటెక్ డిగ్రీతో ఇందులో మినహాయింపు దొరకదు. 25 ఏళ్లు నిండకుండా గురుపట్టం ఇవ్వరు. సన్యాస సభల్లో నొవిషియేట్ కనీసం 12 నెలలు. తర్వాత మూడు నుంచి ఆరేళ్లు తాత్కాలిక వ్రతాలు, ఆపైనే శాశ్వత వ్రతాలు.

ఇంతకాలం ఎందుకంటారా? పరీక్ష రెండు వైపుల నుంచీ జరుగుతుంది కాబట్టి. వాళ్లు మిమ్మల్ని చూస్తారు, మీరూ ఆ జీవితాన్ని చూస్తారు. నొవిషియేట్‌లో ఉన్నవారు ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు. తాత్కాలిక వ్రతాల గడువు ముగిశాక కూడా అంతే.

అప్పు, అమ్మానాన్న

ఎడ్యుకేషన్ లోన్ ఉన్నవాళ్లు ఇది తప్పక చదవండి. తీర్చలేని అప్పులున్నవారిని నొవిషియేట్‌లో చేర్చుకోవద్దని చర్చి చట్టంలోనే ఉంది. ఈఎంఐ నాన్న నెత్తిన వదిలేసి వెళ్లే దారి కాదిది.

బలవంతం కూడా కుదరదు. భయపెట్టో, ఒత్తిడి చేసో చేర్పిస్తే ఆ నొవిషియేట్ ప్రవేశమే చెల్లదు. 'మొక్కుకున్నాం, వెళ్లాల్సిందే' అని ఇంట్లో అన్నా, ఆ మాట మీ పిలుపు కాదు. ఇటువైపు ఒక్కగానొక్క కొడుకును పంపనని అమ్మ ఏడిస్తే, ఆ కన్నీళ్లకూ విలువుంది. ముసలితనంలో వాళ్లను ఎవరు చూసుకుంటారన్నది మీరు జవాబు చెప్పాల్సిన ప్రశ్నే. దాటేయకుండా కూర్చుని మాట్లాడండి.

దారి మారితే?

అనంతపురం జిల్లాలో ఫాదర్ ఫెర్రర్ పేరు తెలియని ఊరు అరుదు. 1920లో బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ లా చదువు వదిలేసి 1944లో యేసు సభలో చేరారు. 1952లో మన దేశానికి వచ్చి మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతుల మధ్య పనిచేశారు. 1968లో దేశం విడిచి వెళ్లమన్నారు. మరుసటి ఏడాది తిరిగొచ్చి ఈ కరువు సీమలో అడుగుపెట్టారు. 1970లో సభను వీడి ఆన్ పెర్రీని పెళ్లాడారు. వాళ్లు నిలబెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఇళ్లు, బడులు, ఆసుపత్రులు కట్టింది. 2009లో ఆయన అనంతపురంలోనే కన్నుమూశారు.

వ్రతాలను తేలిగ్గా తీసుకోవచ్చని చెప్పడానికి కాదు ఈ ఉదాహరణ. శాశ్వత వ్రతాల తర్వాత బయటికి రావడం చిన్న విషయం కాదు. కానీ పేదవాడి పక్కన నిలబడాలన్న కోరిక ఆయనలో సభకు ముందూ వెనకా ఒకటే. మీరు వెతకాల్సింది ముందు ఆ కోరికనే. అది అంగీతోనూ నెరవేరొచ్చు, అంగీ లేకుండానూ నెరవేరొచ్చు. శిక్షణ మధ్యలో 'ఇది నాది కాదు' అని తెలుసుకుని ఇంటికొచ్చిన కుర్రాడిని ఊళ్లో ఫెయిలైనవాడిలా చూడటం మనం మానుకోవాలి. పరీక్ష పెట్టిందే ఆ సంగతి తేల్చడానికి కదా.

ఇప్పుడేం చేయాలి?

మీ విచారణ గురువుతోనో, నమ్మకమున్న సిస్టర్‌తోనో ఒకసారి మాట్లాడండి. వాళ్లు పిలుపుల బాధ్యత చూసేవారి దగ్గరికి పంపుతారు. సభలు పెట్టే 'వచ్చి చూడండి' శిబిరాలకు వెళ్లండి, వెళ్లినంత మాత్రాన చేరిపోవాలని లేదు. అక్కడి వాళ్లను ఒంటరితనం గురించి, కోపం గురించి, బదిలీల గురించి మొహమాటం లేకుండా అడగండి.

ఈలోపు అప్లికేషన్లు ఆపొద్దు. ఉద్యోగం వస్తే చేరండి, లోన్ తీర్చండి, జీతం చేతిలో పడినప్పుడు మీ మనసు ఎటు లాగుతోందో గమనించండి. ఏడాది ఉద్యోగానికే చెరిగిపోతే అది పిలుపు కాదని తేలిపోతుంది. చెరగకపోతే, అప్పుడు మీరు వెళ్లేది ఇంకో దారి లేక కాదు, ఉన్న దారుల్లో ఇదే కావాలని ఎంచుకుని.