నల్లరాయి మండినంతమాత్రమున నూనె ఉన్నట్లా?

బావి త్రవ్వుచుండగా నల్లని పలకరాయి తగిలి, దానిని నిప్పులో వేయగా పొగతో మండి, కిరసనాయిలు వాసన వచ్చినచో, ఊరిలో నూనె పడినదని వదంతి పుట్టుట సహజము. వదంతి వెంట దళారులు వత్తురు. పొలముల బేరములు మొదలగును. కావున పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల పంచాయతీ సభ్యులు ఈ రాళ్ల సంగతి కొంత యెరిగియుండుట మంచిది.

పెట్రోలియము ఇసుకరాళ్ల సందులలో నిలువయుండును గాని, అచ్చట పుట్టునది కాదు. దాని పుట్టుక వేరొక రాతియందు. దానిని తల్లిరాయి యనవచ్చును. ప్రాచీన సరస్సుల అడుగున, గాలి సోకని బురదలో నాచు చచ్చిపడి, కుళ్లిపోక నిలిచి, పైన ఒండ్రు పేరుకొనగా ఆ బురద నల్లని పలకరాయిగా గట్టిపడును. ఆ రాయి భూగర్భమున లోతునకు దిగి, సుమారు 60 మొదలు 120 డిగ్రీల వేడిలో లక్షలాది సంవత్సరములు మ్రగ్గిననే నూనె యగును. అంత వేడి తగులనిది ఆయిల్ షేల్‌గానే మిగులును. అమెరికాలోని గ్రీన్ రివర్ సరస్సు రాళ్లు చాలవరకు అట్టివి. అందు నూనె కావలెనన్న మనమే కొలిమి పెట్టవలెను. చైనాలో 1959లో బయటపడిన దాచింగ్ నూనెకును సరస్సు బురదయే తల్లి. అచ్చట భూమియే ఆ వంట ముగించినది.

మన ప్రాంతమున సరస్సు ఉండెననుటకు సాక్ష్యము కలదు. సిరొంచకు ఎగువన, ప్రాణహిత ఎడమగట్టున, నేటి గడ్చిరోలి జిల్లాలో కోట యను గ్రామమున్నది. అచ్చట బొగ్గు కలదని డాక్టర్ వాకర్ 1841లో వ్రాసెను. అయినను ఆ గ్రామమున బొగ్గుగని యేర్పడలేదు. దొరికినవి సున్నపురాతి పలకలలో అణగియున్న చేపలు! 1851లో వానిలో నొకదానికి దక్కను పేరుతో లెపిడోటస్ దక్కనెన్సిస్ అని నామకరణము జరిగెను. ఇదే పొరలు నదికి ఇవతల, పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనికిని వ్యాపించియున్నవి. యామనపల్లి వద్ద దొరికిన రాక్షసబల్లి యెముకలు ఈ పొరలవే. ఆ అస్థిపంజరము హైదరాబాదులోని బిర్లా సైన్సు కేంద్రమున నిలిపియున్నది. ఈ చేపలు, బల్లులు చూచుటకు వింతయే గాని, సరస్సు ఉండినంతమాత్రమున నూనె ఉన్నదని తేలదు.

శాస్త్రజ్ఞులు మొదట రాతిలోని జీవసంబంధమైన కర్బనమును తూచుదురు. నూటికి అరపాలు లేనిది పనికిరాదు. రెండు పాళ్లకు మించినచో మేలు. పిదప ఆ కర్బనము దేనినుండి వచ్చినదో చూతురు: నాచు నూనెనిచ్చును, ఆకులు కట్టెలు ఎక్కువగా బొగ్గును గ్యాసును ఇచ్చును. అటుపిమ్మట రాతిపొడిని గాలి తగులకుండ క్రమముగా కాల్చుదురు. తక్కువ వేడికే వెలువడునది ఇదివరకే తయారైన నూనె. మిక్కిలి వేడికి వెలువడునది ఇంకను కావలసినది. కట్టెతునక మెరుపును సూక్ష్మదర్శినిలో కొలిచి భూమి వేడిని గ్రహింతురు. మన పొయ్యిలో మండిన రాయి తనలో కర్బనమున్నదని మాత్రమే చెప్పగలదు.

లోతు ఎట్టి భేదము చేయునో చూడుడు. రామగుండము, బెల్లంపల్లి గనులలో భూమికి చేరువగానున్న బొగ్గుకాలపు పొరలకు సాటియైనవి, ఈ లోయ వెంబడి సాగి, కోనసీమ చెంత మండపేట క్రింద రెండువేల మీటర్లకు మించిన లోతునకు దిగియున్నవి. అచ్చటి కొమ్ముగూడెము పొరలలోని బొగ్గు, నల్లపలకలు వేడెక్కి విడిచిన గ్యాసు ఇసుకరాళ్లలో నిలిచెను. దానిని ఆయిల్ అండ్ నేచురల్ గ్యాస్ సంస్థ బావులు వెలికితీసినవి. ఎగువనున్న మన లోయలో అట్టి ఉత్పత్తి నేటివరకు లేదు.

బావినీటిపై రంగుల పొర తేలినను తొందరపడరాదు. పుల్లతో కదలించి చూడుడు. పెంకులవలె పగిలి విడిపోయినచో అది ఇనుప చిలుము. సాగి మరల కలిసినచో నూనె. అయినను ముందు సమీపమున నున్న పంపుసెట్టును, డీజిలు డ్రమ్మును చూచిరండు.

ఇక నూనె వెదకుటకు, తీయుటకు 1948 నాటి చట్టము క్రింద అనుమతి కావలెను. ఎవరైనను పట్టా కాగితములు పుచ్చుకొని బయానా ఇవ్వవచ్చినచో, ఆ అనుమతిపత్రమును గ్రామసభ ముందు చూపుమని అడుగుడు. రాయి పంపదలచినచో ఎండకు వానకు నానినది వలదు. అట్టిది తన కర్బనమును కోల్పోయియుండును. క్రొత్తగా త్రవ్విన లోతునుండి తీసి, నూనె చేతులతో తాకక, శుభ్రమైన సంచిలో కట్టి, ఊరు, సర్వేనంబరు, లోతు, తేదీ వ్రాసి, హైదరాబాదులోని భూగర్భ సర్వే కార్యాలయమునకు పంపుడు.